పదిహేను వేల ఏడు వందల అరవై ఎనిమిది కోట్ల కిలోమీటర్లు

1982లో నేను ఆళ్లగడ్డలో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టరుని. చేరి మూడేళ్లయినా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ ఏడు వేసవిలో పదో తరగతి పరీక్ష పేపర్లు దిద్దడానికి నన్ను మొదటిసారి నంద్యాలకు పిలిచారు. దాన్ని స్పాట్ వాల్యుయేషన్ అంటారు. జిల్లాలో ఎంపిక చేసిన మాస్టర్లను ఒకచోట కూర్చోబెట్టి, ఎవరి బడి పేపర్లు వాళ్లకు రాకుండా కట్టలు మార్చి, వరసగా దిద్దిస్తారు. పెద్ద హాలు, పైన గరగరమనే రెండు ఫ్యాన్లు, కింద నలభై బల్లలు. పిలుపు వచ్చిందంటే మాస్టరుగా మనమూ లెక్కలోకి వచ్చినట్టే. ఉతికించిన తెల్లచొక్కా వేసుకుని, ఎర్ర రీఫిల్లు మూడు కొనుక్కుని వెళ్లాను.

నా గురించి ఒక మాట చెప్పాలి. నోట్సు చెప్పడంలో నన్ను మించినవాడు లేడని ఆ రోజుల్లో నాకో గర్వం. మా బడికి పాఠ్యపుస్తకాలు కార్తీకమాసం దాటితే గాని వచ్చేవి కావు. వచ్చినా అందరూ కొనలేరు. అంచేత మాస్టరు చెప్పిన నోట్సే పుస్తకం, అదే వేదం. నేను చెప్పేవాణ్ణి, పిల్లలు రాసుకునేవాళ్లు, అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టేవాళ్లు. నెలకోసారి నోట్సులన్నీ తెప్పించుకుని, ఎర్ర సిరాతో తేదీ వేసి సంతకం పెట్టేవాణ్ణి. చూశాను అని దాని అర్థం.

ఆ ఏటి పాఠాల్లో కాంతి సంవత్సరం ఒకటి. పేరులో సంవత్సరం ఉంది కాబట్టి పిల్లలు దాన్ని కాలం అనుకుంటారు. అది దూరం. కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది, అలా ఆగకుండా ఏడాదిపాటు పోతే ఎంత దూరం వెళ్తుందో అది ఒక కాంతి సంవత్సరం. సూర్యుణ్ణి వదిలేస్తే మనకు అన్నిటికంటే దగ్గరి నక్షత్రమే నాలుగు కాంతి సంవత్సరాల పైచిలుకు. కిలోమీటర్లలో రాయబోతే సున్నాలకు పలక చాలదు, అందుకే ఈ కొలత పెట్టుకున్నారు. ఈ సంగతి పిల్లలకు ఎక్కించడానికి నేను మన మాటనే వాడాను. నంద్యాల ఎంత దూరం అని అడిగితే బస్సులో గంటన్నర అంటాం కదా, గంటన్నర అన్నది కాలమే అయినా మనం చెప్పేది దూరం కదా, ఇదీ అంతే అన్నాను. తలలు ఊగాయి. నేను సంతోషపడిపోయి, "కాంతి సంవత్సరమనునది దూరమే గాని కాలము కాదు, దీనిని బాగుగా గుర్తుంచుకొనవలెను" అని నోట్సులో చెప్పి, దాని విలువ కూడా రాయించాను. పుస్తకాల్లో ఆ విలువను పది మీద ఘాతం పెట్టి రాస్తారు. మా పిల్లలకు ఘాతాలంటే భయం కాబట్టి నేనే ఇంట్లో గుణించి కోట్లలోకి మార్చి చెప్పాను.

నంద్యాలలో ఆ పేపర్లు దిద్దే క్యాంపులో మూడో రోజు మధ్యాహ్నం. నా పక్క బల్ల పుల్లయ్య సారుది. గోస్పాడు వైపు మనిషి, పాతిక పేపర్లు దిద్దేలోపు నాలుగుసార్లు టీ తాగే మనిషి, కలుపుగోలువాడు. ఆయన ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. ఏమిటని అడిగితే ఒక పేపరు తీసి పైకి చదివాడు.

"కాంతి సంవత్సరం విలువ పదహైదు వేల ఏడు నూర్ల అరవై ఎనిమిది కోట్ల కిలోమీటర్లంట. పోనీ ఒగడు తప్పు రాసినాడంటే సరే. ఈ కట్టలో ఎన్ని పేపర్లు తీసినా ఇదే నంబరప్పా. ఒగ అంకె గూడ తేడా లేదు. యాడ్నో గోడమీద రాసిపెట్టి అందరితో ఎక్కించినారు."

ఆ అంకె నాది. నేను నవ్వబోయి నవ్వలేకపోయాను. చేతిలో ఉన్న పేపరు పక్కన పెట్టి, ఒక చిత్తుకాగితం మీద లెక్క మళ్లీ వేశాను. మూడు లక్షలు ఇంటూ అరవై ఇంటూ అరవై ఇంటూ ఇరవై నాలుగు ఇంటూ మూడువందల అరవై అయిదు. తొమ్మిది లక్షల నలభై ఆరు వేల ఎనభై కోట్లు వచ్చింది. నేను పిల్లలకు చెప్పింది అందులో అరవయ్యో వంతు. సెకన్లను నిమిషాలు చేసి, నిమిషాలను గంటలు చేసేటప్పుడు రెండో అరవైని మింగేశాను. నా ధ్యాసంతా అది కాలం కాదని చెప్పడం మీదే ఉంది గాని గుణకారం మీద లేదు.

పుల్లయ్య సారు ఇంకో పేపరు చదివాడు. అందులో "దీనిని బాగుగా గుర్తుంచుకొనవలెను" అని కూడా ఉంది. నేను నోట్సు చెప్తూ పిల్లలకు చేసిన హెచ్చరికను పరీక్షలో జవాబుగా రాసి పెట్టారు. ఆ కట్ట మా బడిదేనని నాకిక అనుమానం లేదు. చుట్టూ ఉన్న మాస్టర్లు పగలబడి నవ్వుతున్నారు. కాసేపటికి పేపరు మీద పెట్టిన మార్కులను మళ్లీ సరిచూసే చీఫ్ ఎగ్జామినరు వచ్చి, నలభై ఒక్క పేపర్లు తిరగేసి, నవ్వకుండా కట్టకు తాడు బిగించి, క్యాంపు ఆఫీసరు గదికి తీసుకుపోయాడు. మాస్ కాపీయింగ్ అని రాస్తారట. అంటే కట్టగట్టుకుని చూసి రాశారని. అలా రాస్తే ఆ కట్టలోని పిల్లల ఫలితాలు ఆపేస్తారు. విచారణ జరిగి తేలేసరికి ఏడాది పోతుంది. ఒక్కోసారి తేలనే తేలదు.

నేను నోరు విప్పలేదు. ఆ సాయంత్రం ఐదు దాకా పేపర్లు దిద్దాను గాని ఎవరికి ఎన్ని మార్కులు వేశానో దేవుడికెరుక. చెప్తే రెండు తప్పులు ఒప్పుకున్నట్టు. ఒకటి, తప్పు పాఠం చెప్పానని. రెండోది, మా బడి పేపర్లను గుర్తుపట్టానని. అది క్యాంపులో పెద్ద నేరం. ఖాయం కాని ఉద్యోగం, ఇంట్లో చంటిబిడ్డ. చెప్పకపోతే ఏ పాపమూ ఎరుగని నలభై ఒక్కమంది దొంగలవుతారు.

బస్సు దిగి నేరుగా మా హెడ్మాస్టరు ఇంటికి వెళ్లాను. ఆయన అంతా విని, తలుపు దగ్గరకు వేసి, చిన్నగా చెప్పాడు. ఇన్విజిలేటర్ల మీద పోతుంది గాని మన మీదకు రాదు, నువ్వు అడ్డం పోయి తలమీదకు తెచ్చుకోవద్దు, పిల్లలు సెప్టెంబరులో మళ్లీ రాసుకుంటారు అన్నాడు. మంచివాడే, నా మేలు కోరే అన్నాడు. నేను సరేనన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ మాటకోసమే వెళ్లాను. కాని ఇంటికి నడిచి వస్తుంటే ఒక పిల్ల మొహం మనసులో మెదలడం మొదలుపెట్టింది.

ఆ పిల్ల పేరు రూతు. శిరివెళ్ల దగ్గర పల్లె. తండ్రి దానియేలు కూలికి పోతాడు. ఆళ్లగడ్డ హాస్టల్లో ఉండి చదివింది. దూరపు ఊళ్లో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకు అర్జీ పెట్టుకుంటే, ఇంటర్వ్యూకు రమ్మని ఉత్తరం వచ్చింది. ఆ అర్జీ నింపింది నేనే. మార్కుల లిస్టు జూన్ నెలలో చేతిలో ఉంటేనే సీటు, లేకపోతే లేదు అని అందులో స్పష్టంగా ఉంది. ఈ ఏడు తప్పితే ఇక పొలానికేనని దానియేలు అప్పుడే నాతో అన్నాడు. సెప్టెంబరులో రాసుకుంటుందిలే అని హెడ్మాస్టరు అన్న మాట ఆ పిల్లకు పనికిరాదు.

మర్నాడు పొద్దున పది గంటలకు క్యాంపు ఆఫీసరు గదిలో నిలబడ్డాను. ఆయన ఎక్కడో పెద్ద హైస్కూలు హెడ్మాస్టరు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. లెక్కల మాస్టరుగా మొదలయ్యాడని తర్వాత తెలిసింది. నేను చెప్పిందంతా కళ్లద్దాల మీదుగా చూస్తూ విన్నాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"ఆ లెక్క ప్రకారం ఎనిమిది నిమిషాల్లో రావల్సిన ఎండ ఎనిమిది గంటలకొస్తాది, తెలుసునా?" అన్నాడు.

తెలుసునన్నాను. నిన్ననే తెలిసిందన్నాను.

"పిల్లోళ్లను కాపాడను మీరు ఈ తప్పు నెత్తిన ఏసుకుంటాండారేమో, నేనెట్ల నమ్మల్ల? మీరు చెప్పినట్ల నోట్సుంటే తీసుకరాండి. పరీక్షకు ముందరిది, తేదీ ఉండేది. సాయంత్రం అయిదుకు ఈ కట్ట హైదరాబాదు పోతాది. అంతవరకే నా చేతిలో ఉండాది."

బస్సెక్కాను. నలభై ఒక్కమందిలో ఒక్కడి దగ్గరైనా నోట్సు దొరకదా అనుకున్నాను. కాని మా వైపు ఒక అలవాటుంది. పరీక్షలు అయిపోయిన మర్నాడే పిల్లలు నోట్సులన్నీ తూకానికి అమ్మేస్తారు. అంగళ్ల వాళ్లు వాటిని చించి పొట్లాలు కడతారు. ఆళ్లగడ్డలో దిగి మొదట ఇద్దరు పిల్లల ఇళ్లకు పోయాను. అమ్మేశాం సార్ అన్నారు. ఎందుకు సార్ అని అడిగారు, ఊరికే అన్నాను. బజారులో శెట్టి అంగడికి పోతే, ఆయన కూర్చున్న చోటే నా నోట్సు కట్టలు కట్టలుగా ఉంది. సగం చిరిగి ఉంది. నా కళ్లముందే ఓమ్ నియమం రాసిన కాగితంలో అరపావు ధనియాలు పొట్లం కట్టి ఎవరికో ఇచ్చాడు. కూర్చుని వెతికాను. అట్టలూ మొదటి పేజీలూ ముందే పోయాయి. కాంతి సంవత్సరం మొదట్లో చెప్పిన పాఠం కాబట్టి, ఒక్క పుస్తకంలోనూ ఆ పేజీ మిగల్లేదు. గడియారం ఒంటిగంట దాటింది. ఊళ్లో పిల్లల నోట్సులన్నీ తన దగ్గరికే వచ్చాయని చెప్పి, శెట్టి నన్ను జాలిగా చూసి మజ్జిగ ఇప్పించాడు. అది పక్కన పెట్టి లేచాను.

ఇక మిగిలింది రూతు, ఇంటర్వ్యూ ఉంది కాబట్టి నోట్సు దాచుకుని ఉండొచ్చు. ఆ పిల్లకు ఈ సంగతి తెలియకుండానే అయిపోవాలని కోరుకున్నాను గాని, గత్యంతరం లేక శిరివెళ్లలో దిగి పల్లెకు నడిచాను. ఎండ మండిపోతోంది. రెండు మైళ్లు నడిచానో పరిగెత్తానో చెప్పలేను. రూతు ఇంటి ముందర నీడలో కూర్చుని చెల్లెలికి తల దువ్వుతోంది. నన్ను చూసి గబుక్కున లేచింది. సైన్సు నోట్సు ఉందా అని అడిగాను.

"ఉండాది సార్. ఇంటర్వ్యూలో సైన్సు అడుగుతారంట, దానికే అమ్మల్యా," అంది. లోపలికి పోయి, పాత చీర ముక్కలో చుట్టిన నోట్సు తెచ్చి ఇచ్చింది. "ఏందన్నా అయిందా సార్?"

ఏం లేదమ్మా, ఒక పని ఉందన్నాను. అక్కడే నిలబడి పేజీలు తిప్పాను. కాంతి సంవత్సరం. నా మాటలే, గుర్తుంచుకొనవలెనుతో సహా. కింద పదిహేను వేల ఏడు వందల అరవై ఎనిమిది కోట్లు. దాని కింద ఎర్ర సిరాలో నా సంతకం, ఆగస్టు నెల తేదీ. అంతవరకు చూసి పుస్తకం మూసేశాను. ప్రాణం లేచొచ్చింది. నీళ్లు తాగి పొమ్మని ఆ పిల్ల అంటున్నా వినకుండా రోడ్డు పట్టాను. నంద్యాల బస్సు ఒకటి ఆగకుండా పోయింది. తర్వాత వచ్చిన ట్రాక్టరు మీద పడి, మధ్యలో ఇంకో బస్సు పట్టుకుని, నాలుగున్నర దాటాక క్యాంపులో దిగాను.

ఆఫీసరు నోట్సు తీసుకుని, కట్టలోంచి నాలుగు పేపర్లు పక్కన పరుచుకుని, వేలు పెట్టి వరసవరసా పోల్చి చూశాడు. తేదీ చూశాడు. నన్ను ఒక కాగితం మీద సంతకం పెట్టమని, దాన్నీ పక్కన పెట్టి చూశాడు. తర్వాత కాపీయింగ్ రిపోర్టు చించేసి, ఒకే తీరు జవాబులకు ఉపాధ్యాయుడి నోట్సే కారణమని తన చేతితో రాశాడు. నిర్వచనానికి ఒక మార్కు, విలువకు సున్నా వేసి కట్టను మామూలుగా దిద్దమని పంపించాడు. నన్ను రేపటినుంచి క్యాంపుకు రావద్దన్నాడు. పైకి రిపోర్టు పంపక తప్పదన్నాడు. పంపుకోండి సార్ అన్నాను. ఆ క్షణాన ఉద్యోగం పోతుందన్నా అలాగే అనేవాణ్ణి.

లేవబోతుంటే ఆగమన్నాడు. నోట్సును కిటికీ వెలుతురుకు వంచి పట్టుకుని చూస్తున్నాడు.

"ఈ మార్జిన్లో చూడప్పా," అన్నాడు. అంతవరకు మీరు అన్న మనిషి.

పెన్సిలుతో సన్నగా, పేజీ అంచున పైనుంచి కిందికి ఒక గుణకారం ఉంది. మూడు లక్షలు, అరవై, మళ్లీ అరవై, ఇరవై నాలుగు, మూడువందల అరవై అయిదు. కింద తొమ్మిది లక్షల నలభై ఆరు వేల ఎనభై కోట్లు. దానిమీద అడ్డంగా రెండు గీతలు. ఆ గీతల పక్కనే నా ఎర్ర సంతకం.

"ఈ పాప సరిగ్గానే చేసిండాది. నువ్వు సంతకం పెట్టినావు," అన్నాడు. నోట్సు మూసి నా చేతికిచ్చాడు.

ఫలితాలు సకాలంలో వచ్చాయి. మా పిల్లల్లో ముప్పై ముగ్గురు పాసయ్యారు. రూతు ఫస్టు క్లాసులో పాసయింది. మార్కుల లిస్టూ, నోట్సూ నేనే తీసుకుని పల్లెకు వెళ్లాను. దానియేలు సంతోషం పట్టలేక ఇంట్లో ఉన్న ఒక్క మంచాన్నీ నాకు వేశాడు. నేను రూతును పిలిచి ఆ పేజీ తెరిచి చూపించాను. నీకు ఎలా తెలిసింది, తెలిసి ఎందుకు కొట్టేశావు, నన్నెందుకు అడగలేదు అన్నాను. కాస్త గట్టిగానే అన్నానేమో, తల వంచుకుంది.

"మీరు చెప్పిన్రోజు ఊరికే చేసి చూసినా సార్. నాకు ఇట్లొచ్చె. మళ్లా మళ్లా చేసినా, మూడుసార్లూ ఇట్లే వచ్చె. అడగల్లంటే భయమయింది. నోట్సు మీకాడికి వస్తాది గదా, చూసి మీరే చెప్తారనుకొంటి. మీరు సంతకం పెట్టిస్తిరి, ఏం చెప్పల్యా. సరే, నాదే తప్పనుకొని కొట్టేసినా."

నీ లెక్కే సరైనదమ్మా, తప్పు చేసింది నేను అన్నాను. విద్యార్థికి ఆ మాట చెప్పడం నాకదే మొదటిసారి. ఆ పిల్ల సంతోషిస్తుందనుకున్నాను. ఆ పిల్ల తను కొట్టేసిన గీతల మీద వేలు పెట్టింది.

"కాలేజీలో లెక్కల గ్రూపు తీసుకోమని మా హాస్టలు మేడం అంటాండె సార్. నాకు లెక్కలు రావులే అని ఈ నర్సుదానికి పెట్టినా," అంది.

ఇప్పుడైనా చేరవచ్చు కదా అన్నాను. లిస్టు చేతికొచ్చింది, ఇంటర్వ్యూకు పోతే సీటొస్తుంది, అక్కడ తిండి కూడా వాళ్లే పెడతారు, నాయన ఒప్పుకున్నాడు, ఇంకేం సార్ అంది. మామూలుగానే అంది. నాకే మంచం మీద కూర్చోబుద్ధి కాలేదు.

తర్వాత నాకో మెమో వచ్చింది, జవాబిచ్చుకున్నాను, ఉద్యోగం ఖాయం కావడం ఏడాది వెనకబడింది. అది నాకు తగిన శాస్తే. ఆ జూన్ నుంచి నోట్సు చెప్పేటప్పుడు ఏ విలువైనా సరే ముందు పిల్లలనే లెక్క వెయ్యమనేవాణ్ణి, వచ్చింది పైకి చెప్పమనేవాణ్ణి. ఎర్ర సంతకం పెట్టేముందు అంచులు కూడా చదివేవాణ్ణి. నెలకు నాలుగు రోజులు అదనంగా పట్టేది. తోటి మాస్టర్లు నవ్వేవాళ్లు.

క్యాంపులో జరిగింది ఎలాగో ఆళ్లగడ్డకు పాకింది. ఉద్యోగం పణంగా పెట్టి నలభై ఒక్కమందిని కాపాడిన సారు అని తల్లిదండ్రులు బజారులో ఆపి దండం పెట్టేవాళ్లు. శెట్టి అయితే ఆ కథ అంగడికి వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నేను సిగ్గుతో తల వంచుకుంటే, ఎంత వినయమో చూడండి అనేవాళ్లు. ఒక పిల్లకు లెక్కలు రావని ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టింది నేనేనని వాళ్లలో ఎవరికీ తెలియదు. నేనూ ఇంతవరకూ చెప్పలేదు.